చెప్పుల కాపలా: గోపాల్‌పూర్ బీచ్‌లో ఒక రోజు, దానికి అటూ ఇటూ ఇంకో మూడు

మొదటి రోజు

కనుమ మర్నాడు పొద్దున్నే వైజాగ్‌లో రైలెక్కాం. నేనూ, మా ఆయనా, పిల్లలిద్దరూ, రెండు సూట్‌కేసులు, ఒక అరిసెల డబ్బా, ఒక జంతికల డబ్బా. బరంపురంలో మా పెద్దమ్మగారిల్లు ఉంది. చిన్నప్పుడు ప్రతి వేసవికీ అక్కడే ఉండేదాన్ని, పెళ్ళయిన ఈ పదకొండేళ్ళలో ఇది మూడోసారి వెళ్ళడం, అదీ పెద్దమ్మ ఫోన్‌లో "పర్లేదులే, నేను పోయాక వద్దువుగాని" అన్నాక.

ఈ లైన్‌లో వెళ్ళేవాళ్ళెవరైనా ఉంటే ఎడమ వైపు కిటికీ పట్టుకోండి. పలాస దాటిన దగ్గర్నుంచి కొండలు దగ్గరికొస్తాయి, మహేంద్రగిరి కనిపిస్తుంది, జనవరి కదా పైన పొగమంచు ఇంకా విడలేదు. పలాసలో జీడిపప్పు వాళ్ళు ఎక్కారు, మా చిన్నాడు అరకిలో కొనిపించి సోంపేట వచ్చేలోపు సగం తినేశాడు. ఇచ్ఛాపురం ఆంధ్రాకి ఆఖరి స్టేషన్, అది దాటగానే బోర్డుల మీద తెలుగు పోయి ఒక్కో అక్షరం తలమీద గొడుగు పెట్టుకున్నట్టుండే ఒడియా వచ్చేస్తుంది. అప్పటిదాకా "టీ, టీ" అన్నవాడు "చా, చా" అనడం మొదలెట్టాడు, మనిషి మాత్రం వాడే, అదే క్యాన్, ఆ టీలో చక్కెర కూడా అంతే ఎక్కువ.

నాలుగు గంటల పైచిలుకు ప్రయాణం. బరంపురంలో దిగుతుంటే సూట్‌కేసు ఒక చేత్తో, చిన్నాణ్ణి ఒక చేత్తో పట్టుకుని కిందికి చూడకుండా కాలు వేశాను, మడమ దగ్గర కలుక్కుమంది. అంతే, ట్రిప్ మొత్తానికి నా ఉద్యోగం అక్కడే ఖాయమైపోయింది, అప్పుడు నాకు తెలీలేదు గానీ.

పెద్దమ్మగారిల్లు పెద్దబజార్ వైపు. వీధిలోకి వెడల్పు తక్కువ, లోపలికి వెళ్తే రైలు పెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి గదులు, చివర్న బావి. పెద్దమ్మ ఆముదం వెచ్చచేసి మడమకి పట్టించి పాత చీరముక్కతో కట్టు కట్టింది. అన్నయ్యా వదినా పలకరించారు. సాయంత్రం అక్కా బావా వచ్చారు, వాళ్ళు గాంధీనగర్‌లో ఉంటారు. అక్క లోపలికొచ్చి కూర్చుంది, బావ మాత్రం అరుగు మీదే కూర్చుని టీ తాగాడు, "బండి వీధిలో ఉంది, చూసుకోవాలి" అన్నాడు. ఆ బండి చూస్తే మా పెద్దదాని కంటే వయసులో పెద్దది, దాన్నెవడు ఎత్తుకెళ్తాడు అనుకుని నవ్వుకున్నాను, అంతకు మించి ఆలోచించలేదు.

రేపు గోపాల్‌పూర్, అన్నారు. పన్నెండు మందిమి. నా కాలు సంగతి ఎవరో అడిగితే పెద్దమ్మ "అది కూర్చుంటుందిలే, చెప్పులు చూసుకోడానికి ఒకళ్ళు కావాలి కదా" అంది. ఇన్నేళ్ళూ ఆ పని తనది. యాభై ఏళ్ళ బట్టీ పదహారు కిలోమీటర్ల దూరంలో సముద్రం పెట్టుకుని ఆవిడ వెళ్ళినప్పుడల్లా చెప్పుల దగ్గరే కూర్చుందట.

రెండో రోజు

పొద్దున్న పూరీ ఉప్మా. నవ్వకండి, బరంపురంలో పూరీలోకి ఉప్మా పెడతారు, చిన్నప్పుడు నాకది లోకమంతా ఉన్న విషయం అనుకునేదాన్ని, తర్వాత హాస్టల్లో చెప్తే ఎవరూ నమ్మలేదు. మా ఆయన కూడా మొదటి ముక్క అనుమానంగా తిన్నాడు, ఆరో పూరీ అడిగి తెచ్చుకున్నాడు.

అన్నయ్య స్నేహితుడి బొలెరోలో మేం తొమ్మిది మందిమి ఇరుక్కున్నాం, అక్కావాళ్ళు "మేం బండి మీద వచ్చేస్తాం" అన్నారు. ఊరు దాటాక రోడ్డు పక్కన మొగలి పొదలు. గంజాం మొగలిపువ్వుకి పేరుంది కదా, ఇక్కడే దాన్నించి అత్తరు తీస్తారు, కిళ్ళీల్లోకీ మిఠాయిల్లోకీ వాడే కేవడా నీళ్ళు కూడా అదే. ఇప్పుడు పువ్వుల కాలం కాదు గానీ పెద్దమ్మ మాత్రం కిటికీలోంచి గట్టిగా వాసన పీల్చి "ఆహా" అంది.

గోపాల్‌పూర్ తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. ఇప్పుడంటే చిన్న బీచ్ ఊరు, ఒక లైట్‌హౌసు, కొన్ని హోటళ్ళు, చేపల వేపుడు బళ్ళు. బ్రిటిష్ వాళ్ళ రోజుల్లో ఇది రేవు. ఇక్కణ్ణుంచి స్టీమర్లు రంగం వెళ్ళేవి, మన శ్రీకాకుళం వైపు ముసలివాళ్ళు "రంగం వెళ్ళొచ్చాడు" అంటారే, ఆ రంగం, రంగూన్. మా పెద్దనాన్న తాతగారు ఇక్కడే స్టీమరెక్కారట బియ్యం మిల్లులో కూలీకి. 1942లో జపాన్ వాళ్ళు రంగం పట్టుకున్నాక ఆ రాకపోకలు పోయాయి, రేవు పాడుబడింది. పాత జెట్టీ తాలూకు మొండిగోడలు ఇంకా ఉన్నాయి, పెద్దనాన్న వచ్చిన ప్రతిసారీ ముందు వాటి దగ్గరికి వెళ్ళి ఒకసారి నిలబడి వస్తాడు. 2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ తుఫాను తీరం దాటింది కూడా ఈ గోపాల్‌పూర్ దగ్గరే, ఆ రాత్రి సంగతి అన్నయ్య కథలు కథలుగా చెప్తాడు, రాస్తే ఇవాళ్టికి అవదు.

సరే. ఇసకలో దుప్పటి పరిచారు, సంచులు పెట్టారు, పన్నెండు జతల చెప్పులు నా చుట్టూ కుప్పపోశారు, నన్ను మధ్యలో కూర్చోబెట్టారు, అందరూ నీళ్ళవైపు పరిగెత్తారు. పెద్దమ్మ కూడా! మడమ దాకా మాత్రమే అనుకోండి, కానీ వెళ్ళింది.

మొదట కాస్త ఏడుపొచ్చింది నిజం చెప్పాలంటే. సముద్రం ఎదురుగా ఉండి కాలికి కట్టు. ఒక పావుగంట ఫోన్ చూశాను, ఎండలో స్క్రీన్ కనబడదు, పక్కన పెట్టేశాను. ఇంక మనుషుల్ని చూడ్డం తప్ప పని లేదు. అప్పుడు తెలిసింది, బీచ్‌లో అసలు సినిమా సముద్రంలో లేదు, దాని అంచు మీద ఉంది. అల వచ్చి మనిషిని తాకే ఆ ఒక్క క్షణంలో ఎవరూ నటించలేరు. బ్యాంకు మేనేజర్‌లా ఉన్న ఒకాయన, ఇన్‌షర్ట్, జేబులో పెన్ను, ప్యాంటు సరిగ్గా మూడు మడతలు పెట్టి రెండు కాళ్ళకీ సమానంగా ఉందో లేదో వంగి చూసుకుని మరీ దిగాడు, మొదటి అలకే నడుం దాకా తడిసిపోయి "అయ్యయ్యయ్యో" అని చిన్నపిల్లాడిలా గెంతాడు. పెన్ను మాత్రం చేత్తో పైకెత్తి పట్టుకున్నాడు, అదొక్కటీ కాపాడుకున్నాడు పాపం.

కొత్త పెళ్ళికూతురు ఒకమ్మాయి, మోచేతిదాకా ఎర్రగాజులు, మొగుడు ఫోన్ పట్టుకుని వెనక్కి వెనక్కి వెళ్తున్నాడు ఫొటో కోసం, ఆ అమ్మాయి అల వైపు వీపు పెట్టి నవ్వుతోంది. ఆ వెనక వస్తున్న అల బీచ్‌లో ఉన్న యాభై మందికీ కనిపిస్తోంది, ఆ అమ్మాయికి తప్ప. మొగుడికీ కనిపిస్తోంది, వాడు చెప్పలేదు! ఫొటో బాగా రావాలని. తడిసి ముద్దయ్యాక ఆ అమ్మాయి వాణ్ణి చూసిన చూపు చూశాను, ఆ కాపురంలో పైచేయి ఎవరిదో నాకు అర్థమైపోయింది.

కలకత్తా వాళ్ళు ఒక గుంపు, ఇరవై డిగ్రీలు పైన ఉన్నా మఫ్లర్లూ మంకీక్యాపులూ, వాళ్ళల్లో ఒకాయన కుర్చీ అద్దెకి తీసుకుని సముద్రానికి వీపు పెట్టి పేపరు చదివాడు. సముద్రానికి వీపు పెట్టి! టికెట్లు కొనుక్కుని ఇంత దూరం వచ్చి.

ఇంకొకాయన వీడియో కాల్‌లో ఎవరికో సముద్రం చూపిస్తున్నాడు, ఫోన్‌ని అటూ ఇటూ తిప్పుతూ, అవతల్నించి ఆడగొంతు "సముద్రం సరే, టిఫిన్ తిన్నారా" అని తెలుగులో.

నీళ్ళ దగ్గర లైఫ్‌గార్డ్ ఉన్నాడు, విజిల్ వేసుకుంటూ. ఇక్కడ సముద్రం చూడ్డానికి ఎంత బావుంటుందో లోపలికి అంత మోసం, కాళ్ళకింద ఇసక లాగేస్తుంది, లోతు ఒక్కసారి వస్తుంది. ఈ లైఫ్‌గార్డులు చాలామంది ఇక్కడి జాలరి కుటుంబాల వాళ్ళే, ఒడియా వాళ్ళు నోలియాలు అంటారు, ఇంట్లో మాట్లాడేది తెలుగు. ఆ అబ్బాయి జనం ముందుకెళ్తుంటే విజిల్ ఊది "ఆగకు జాఅ నాహిఁ, ఆగకు జాఅ నాహిఁ" అని అరుస్తున్నాడు, అంటే ముందుకు వెళ్ళకండి అని. మా ఆయనకి ఒడియా ముక్క రాదు. ఆయనకి వినబడింది మొదటి మాట ఒక్కటే, "ఆగకు". ఆగొద్దంటున్నాడు కదా అని చెయ్యి ఊపి ఉత్సాహంగా ఇంకో నాలుగడుగులు వేశాడు. వాడు మళ్ళీ "ఆగకు, ఆగకు!" ఈయన మళ్ళీ ముందుకి. నేను ఇక్కణ్ణుంచి అరుస్తున్నా వినబడదు, గాలి. చివరికి ఆ అబ్బాయి నీళ్ళలోకి పరిగెత్తి ఈయన చొక్కా పట్టుకుని "ఓ బాబూ, ఎల్లొద్దంటే ఎల్తావేటి, చెవుడా ఏటి?" అన్నాడు. మా ఆయన "నువ్వేగా ఆగకు అన్నావ్" అన్నాడు. ఇద్దరూ ఒక నిమిషం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు, తర్వాత ఆ అబ్బాయి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఎలా నవ్వాడో. మధ్యాహ్నం దాకా ఆ దారిన వెళ్ళినప్పుడల్లా మా ఆయన్ని చూసి "ఆగకు బాబూ" అన్నాడు.

నా పక్కన పది అడుగుల దూరంలో ఇంకో దుప్పటి, దాని మీద ఒక పెద్దావిడ, డెబ్భై దాటి ఉంటాయి, ఆవిడా నాలాగే కాపలా. తేడా ఏంటంటే నా చెప్పులు కుప్ప, ఆవిడవి బారు. పద్నాలుగు జతలు, పెద్దవి ఒక చివర, చిన్నవి ఇంకో చివర, మడమలన్నీ సముద్రం వైపు, ఆఖర్న అరచెయ్యంత ఎర్ర చెప్పుల జత. ఒళ్ళో ఇత్తడి పాన్ డబ్బా. అడకత్తెరతో వక్క కత్తిరిస్తున్నప్పుడు చేతివైపు చూడదు, చూపు సముద్రం మీదే, వేళ్ళు వాటి పని అవి చేసుకుపోతాయి, వక్క రేకులు రేకులుగా డబ్బా మూతలో పడుతుంటాయి, ఒక్కటీ ఇసకలో పడలేదు.

బీచ్ పొడుగునా చూస్తే ఇలా కూర్చున్నవాళ్ళు కుటుంబానికొకళ్ళు. చెప్పులు, సంచులు, తువ్వాళ్ళు, ఒకరి కళ్ళజోడు, ఒకరి పళ్ళసెట్టు కూడా (నిజం, అటుపక్క కుటుంబంలో తాతగారు తీసి కర్చీఫ్‌లో చుట్టి కోడలికిచ్చి వెళ్ళాడు). ఎక్కువమంది ఆడవాళ్ళే, నేను లెక్కపెట్టిన తొమ్మిది మందిలో ఒక్కడే మగవాడు, వాడూ కాలికి సిమెంటు కట్టుతో ఉన్నాడు.

పెద్దావిడే ముందు పలకరించింది. ఒడియాలో మొదలెట్టి, నా మొహం చూసి తెలుగులోకి మారింది. ఆస్కా దగ్గర ఊరు, తల్లిది ఇచ్ఛాపురమట, అందుకని తెలుగు వచ్చు, కాకపోతే ప్రతి వాక్యం చివరా ఒడియాలోకి జారిపోతుంది. నేను మౌసీ అన్నాను. అరిసె తీసిచ్చాను. ఆవిడ తీసుకోకుండా ముందు తన డబ్బా తెరిచింది, అందులోనూ అరిసెలే! వాళ్ళూ ఆరిసా పిఠా అనే అంటారు. మా ఇద్దరి అరిసెలూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాం. మాది మందం, నువ్వులు పైన అద్దాం, వాళ్ళది పల్చన, అంచు కరకర. ఆవిడ మా అరిసెని రెండు వేళ్ళతో నొక్కి, తుంచి, తుంచిన చోట చూసి "పాకం ముదిరింది మా" అంది. మా అత్తగారు ఇది చదవదని ధైర్యం.

మధ్యాహ్నం అందరూ వచ్చారు తినడానికి. పులిహోర, పెరుగన్నం, బండి దగ్గర కొన్న రొయ్యల వేపుడు. గోల గోలగా తిన్నారు, ఇసక సహా. మళ్ళీ వెళ్ళిపోయారు. ఒక ఝాల్‌ముడి అబ్బాయి వచ్చాడు, ఇరవై రూపాయలు, మరమరాల్లో ఆవనూనె ఘాటు ముక్కులోకెక్కింది, నేనూ మౌసీ చెరొకటి తిన్నాం. తిని కాగితం మడిచి, చాలా మామూలుగా, ఆవిడ అడిగింది: "మీ ముసలాయనకీ ఆ నీలం చొక్కా బాబుకీ మాటల్లేవా?"

నాకర్థం కాలేదు. నీలం చొక్కా అంటే బావ. ముసలాయన మా పెద్దనాన్న. మామా అల్లుళ్ళు. ఎందుకుండవు, ఉన్నాయి అన్నాను.

"లేవు మా," అంది. "పులిహోర పళ్ళెం ముసలాయన చేతిలోంచి ఆ బాబుకి వెళ్ళాలంటే పక్కనే ఉన్నాడు, చెయ్యి చాస్తే అందుతుంది. చుట్టూ తిరిగి పిల్ల చేతికిచ్చి పంపించాడు. నీళ్ళ సీసా కూడా అంతే. పొద్దున్న ముసలాయన ఆ గోడల దగ్గరికెళ్తే అందరూ వెంట వెళ్ళారు, ఆ బాబు ఒక్కడూ ఇటు తిరిగి బండి తుడుచుకున్నాడు. నీళ్ళలో కూడా చూడు, ఆయన ఎడం పక్కుంటే ఈయన కుడి పక్క."

చూశాను. అలల దగ్గర మావాళ్ళు పదకొండు మందీ ఒక వరస, ఈ చివర పెద్దనాన్న, ఆ చివర నీలం చొక్కా.

పొద్దున్నుంచి ఊళ్ళోవాళ్ళందరి కాపురాలూ చదివేస్తున్నాననుకుంటున్నా నేను. ఆ గాజుల పిల్ల మొగుడితో ఏం మాట్లాడుతుందో కూడా చెప్పేసేదాన్ని. మా ఇంటి అరుగు మీద బావ టీ ఎందుకు తాగాడో నాకు తట్టలేదు. ఈవిడ ఆస్కా నుంచి వచ్చి వక్క కత్తిరించుకుంటూ మమ్మల్ని పుస్తకంలా చదివేసింది. కొంచెం సిగ్గేసింది, కొంచెం కోపం కూడా వచ్చింది, మా ఇంటి సంగతి నీకెందుకమ్మా అనిపించింది, మళ్ళీ నేను చేస్తున్నదీ అదేగా. "ఇంకేం చూశారు మౌసీ" అని అడిగాను. "నీ మొగుడు మంచివాడు, కానీ మాట వినడు" అంది.

మేమిద్దరం ఈ మాటల్లో ఉండగా వచ్చింది కుక్క. గోధుమరంగు, ఒక చెవి తెగింది. నేను చూడనే లేదు. మౌసీయే "కుకుర నేయిగలా! చప్పల నేయిగలా!" అని అరిచింది, చూస్తే పెద్దనాన్న పండక్కి కొనుక్కున్న కొత్త తోలుచెప్పు దాని నోట్లో. నేను లేచి కుంటుకుంటూ రెండడుగులు వేసి కూలబడ్డాను. అరుపులు విని మావాళ్ళు తిరిగారు, మౌసీ మనవలు కూడా లేచారు, కానీ అందరికంటే ముందు పరిగెత్తింది బావ. ఆ తడి ప్యాంటుతో, ఆ పొట్టతో, బళ్ళ మధ్యలోంచి, గవ్వల బల్లల మధ్యలోంచి, ఒక గుర్రాన్ని తప్పించుకుని. కుక్క లైట్‌హౌసు వైపు సందులోకి తిరిగింది, ఈయనా తిరిగాడు. ఐదు నిమిషాలకి చెప్పు పట్టుకుని వచ్చాడు, పట్టీ దగ్గర రెండు పళ్ళగాట్లు తప్ప బానే ఉంది. తెచ్చి పెద్దనాన్న కాళ్ళ ముందు పెట్టాడు, చేతికివ్వలేదు. పెద్దనాన్న చెప్పువైపు చూసి, పక్కనున్న మనవరాలితో "అమ్మా, మీ నాన్నకి అరికాలు తెగింది, గవ్వ గుచ్చుకున్నట్టుంది, కడుక్కోమను" అన్నాడు.

ఆ పిల్ల ఎనిమిదేళ్ళది, వెళ్ళి తు.చ. తప్పకుండా అప్పచెప్పింది. మౌసీ నావైపు ఒక చూపు చూసి పాన్ బుగ్గన పెట్టుకుంది.

సాయంత్రం నాలుగున్నరకి సర్దుడు. అది మళ్ళీ ఇంకో ప్రళయం, తడి బట్టలు, ఇసక, ఏడుపులు, ఎవడి చెప్పు ఎవడిదో తెలీదు, రెండు దుప్పట్ల మధ్యా పిల్లలు అడ్డదిడ్డంగా తిరుగుతున్నారు, నేను చేతికందినవన్నీ పెద్ద సంచీలో కుక్కేశాను. మౌసీ వాళ్ళ మినీబస్సు హారన్ కొడుతోంది, సరిగ్గా వెళ్ళొస్తానని చెప్పనేలేదు.

రాత్రి వంటింట్లో వదినని అడిగితే చెప్పింది. దసరాకి ముందు బావ ఎవరో బిల్డర్‌ని ఇంటికి తీసుకొచ్చాడట, ఈ పాత ఇల్లిచ్చేస్తే అపార్ట్‌మెంట్ కట్టి రెండు ఫ్లాట్లు ఇస్తారని. మంచికే చెప్పాడు, అంటుంది వదిన. పెద్దనాన్న ఆ బిల్డర్ టేపు పెట్టి బావి కొలవడం చూశాడట. అంతే.

మూడో రోజు

రంభ, చిలికా. త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే సగం దారి నిద్రపోయాను. ఛత్రపురం దాటి రుషికుల్యా వంతెన వస్తుంది, ఆ నది సముద్రంలో కలిసే చోటే ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెడతాయి, మామూలుగా ఫిబ్రవరి, మార్చిలో. 2023లో ఆరు లక్షలు పైనే వచ్చాయట. అన్నయ్య ఒకసారి రాత్రి వెళ్ళి చూశాడు, ఒక్కోటి గుంట తవ్వి గుడ్లు పెట్టి, ఇసక కప్పేసి, దానిమీద ఒళ్ళంతా ఊపి చదును చేసి వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోతుందట. తీరం దగ్గర్లో నవంబర్ నుంచి మే ఆఖరిదాకా వేట నిషేధం కూడా వాటికోసమే, జాలర్ల ఇళ్ళల్లో ఆ ఏడు నెలలూ ఎలా గడుస్తాయన్నది వేరే కథ. తర్వాత హుమ్మా దగ్గర ఉప్పు మడులు, ఎండకి కళ్ళు చెదిరిపోయాయి.

చిలికా దగ్గర జనం వేరేలా ఉంటారు, గమనించారా ఎప్పుడైనా? అల లేదు కదా, తాకేది ఏదీ లేదు, అందుకని ఎవరూ అరవరు. వెయ్యి చదరపు కిలోమీటర్ల నీళ్ళు పళ్ళెంలో పోసినట్టు, దూరంగా శీతాకాలానికొచ్చిన పక్షులు, మనుషులు గుళ్ళోలా గొంతు తగ్గించి మాట్లాడుకుంటారు. నాకైతే ఒక గంటకే సముద్రం మీద బెంగ పుట్టింది.

పడవెక్కాం. పెద్దనాన్న ముందు చివర, బావ వెనక చివర. పడవాయన ఇంజన్ తాడు లాగబోతూ ఆగాడు. బరువు చూసుకున్నాడు, తల అడ్డంగా తిప్పాడు, ఒడియాలో ఏదో అని పెద్దనాన్నని చెయ్యిపట్టి లేపి బావ పక్కన కూర్చోబెట్టాడు, మమ్మల్ని ఆడవాళ్ళనీ పిల్లల్నీ అటు సర్దాడు. ఆయనకి తెలిసింది బ్యాలెన్స్ ఒక్కటే. బ్రేక్‌ఫాస్ట్ ఐలాండ్ అనే ఆ చిన్న దీవి మీది శిథిలమైన గది కనిపించేదాకా ఇద్దరూ చెరో వైపు నీళ్ళు చూశారు. ఈసారి నేను నీళ్ళూ చూళ్ళేదు, పక్షులూ చూళ్ళేదు, వాళ్ళిద్దర్నే చూశాను. ఇంజన్ చప్పుడులో ఏం మాట వినబడదు. తిరిగొచ్చేటప్పుడు ఒక చోట పెద్దనాన్న పెదాలు కదిలాయి, బావ వంగి చెవి దగ్గర పెట్టాడు, మళ్ళీ ఏదో చెప్పాడు, పెద్దనాన్న తల అడ్డంగా ఊపాడు. దిగాక బావని అడిగాను ఏమన్నారని. "రొయ్య కిలో ఎంతని అడిగాడు. నేను చెప్తే, అంత లేదు, నీకు బేరం చెయ్యడం రాదు అన్నాడు" అన్నాడు బావ. మొహం మాత్రం వెలిగిపోతోంది.

నాలుగో రోజు

పొద్దున్న పెద్దమ్మ నన్ను పట్టుచీరల కొట్టుకి తీసుకెళ్ళింది. బరంపురం పట్టు అంచు మీద గుళ్ళ గోపురాల్లా మెట్లు మెట్లుగా వస్తుంది చూడండి, అదీ గుర్తు. ఈ ఊరి నేతపని వాళ్ళల్లో చాలామంది పూర్వీకులు తెలుగు దేశం నుంచి వచ్చినవాళ్ళే, రెండేళ్ళకోసారి జరిగే బుఢీ ఠాకురాణి జాతరకి వాళ్ళే పెద్దలు. కొట్టాయన పెద్దమ్మతో తెలుగులో బేరమాడి, గుమాస్తాతో ఒడియాలో ఎంతకివ్వచ్చో చెప్పాడు, పెద్దమ్మకి ఒడియా రాదనుకుని. పాపం. ఆ ధరకే కొన్నాం.

వచ్చేటప్పుడు గిరి రోడ్ మీంచి రిక్షాలో వచ్చాం. రాష్ట్రపతి చేసిన వి.వి.గిరిగారు పుట్టింది ఈ ఊళ్ళోనే, 1894లో, అప్పటికి ఇది మద్రాసు ప్రెసిడెన్సీ. మా పెద్దనాన్నవాళ్ళ నాన్న బడిలో చేరింది మద్రాసు లెక్కలో, 1936లో ఒరిస్సా ఏర్పడ్డాక ఫైనల్ పరీక్ష రాసింది ఒరిస్సా లెక్కలో, ఇల్లు మాత్రం అదే, బావి అదే.

రైలు మధ్యాహ్నం. స్టేషన్‌కి అందరూ వచ్చారు, బావ సూట్‌కేసు మోశాడు, పెద్దనాన్న "జాగ్రత్త, మెట్టు చూసి ఎక్కు" అని నాకు చెప్పాల్సింది ఆయనకి చెప్పాడు. నేరుగా. పెద్దమ్మ నా చేయి గిల్లింది.

ఇచ్ఛాపురంలో తెలుగు బోర్డు చూసి పిల్లలు చప్పట్లు కొట్టారు, ఎందుకో మరి. పలాస వచ్చేలోపు ఆకలన్నారు, జంతికల డబ్బా కోసం బీచ్ సంచీ తీశాను. ఆ రోజు నుంచి దాన్ని దులపలేదు, అడుగున గుప్పెడు ఇసక, ఒక తడి సాక్సు, రెండు గవ్వలు, వాటి కింద ఎర్రటి చెప్పు ఒకటి. ఒకటే. నా అరచెయ్యంత ఉంది. మడమ దగ్గర చిన్న బాతుబొమ్మ.

మా పిల్లలెవరిదీ కాదు, పదేళ్ళ కింద సైజు అది. మౌసీ బారులో ఆ చివర్న ఉన్న జతలోది. ఫోన్ నంబరు లేదు, ఊరి పేరు కూడా "ఆస్కా దగ్గర" అన్నదొక్కటే. నేనేమో కుప్ప పోసుకుని కూర్చుని ఒక్క చెప్పూ పోగొట్టుకోకుండా వచ్చాను. ఆవిడ అంత వరసగా పేర్చుకుని, కుక్క మా చెప్పు ఎత్తుకెళ్తే ఆవిడే చూసి చెప్పి, తన దగ్గర ఇరవై ఎనిమిదికి ఇరవై ఏడు తేలితే ఆ మినీబస్సు ఆపి ఎంతసేపు లెక్కపెట్టిందో. మా ఆయన "కుక్క పట్టుకెళ్ళిందనుకుని ఉంటారులే" అన్నాడు. అనుకోదు. ఆవిడకి తెలుసు ఎవరు పట్టుకెళ్ళారో.